డ్రై స్టౌట్ రుచి చూసే పద్ధతి: సీసా ఎంపిక నుంచి మింగాక అర నిమిషం దాకా

నల్లగా కనిపిస్తుంది కాబట్టి బరువుగా, మత్తుగా ఉంటుందనుకుని చాలామంది డ్రై స్టౌట్ (తీపి దాదాపు లేని నల్ల బీరు) జోలికి పోరు. నిజానికి బీర్లలో ఇది తేలికైన రకం. బీరు పోటీల్లో జడ్జీలు వాడే బీజేసీపీ (బీరు జడ్జీలకు గుర్తింపు ఇచ్చే సంస్థ) కొలతల ప్రకారం ఐరిష్ స్టౌట్‌లో ఆల్కహాలు 3.8 నుంచి 5 శాతం మధ్య ఉంటుంది. మన వైన్ షాపుల్లో స్ట్రాంగ్ అని అమ్మేవి 5 శాతం దాటి 8 దాకా పోతాయి. ఆ నలుపంతా మాడేదాకా వేయించిన బార్లీది. వంద కిలోల గింజలో అది పది కిలోలుంటే చాలు, బీరు మొత్తం నల్లబడుతుంది.

లాగర్‌కు, అంటే మన దగ్గర మామూలుగా దొరికే లేత రంగు బీరుకు అలవాటుపడ్డవాళ్లు స్టౌట్‌నూ అలాగే తాగుతారు: ఐసులా చల్లగా, సీసా ఎత్తి, కారపు వేపుడు నంజుకుంటూ. అలా తాగితే కాఫీ వాసన పోతుంది, గింజ రుచి పోతుంది, చేదు ఒక్కటే మిగులుతుంది. ఈ బీరు బాగుందో లేదో తేలేది మింగిన తర్వాతి అర నిమిషంలో. కింద చెప్పిన ప్రతి పనీ ఆ అర నిమిషం స్పష్టంగా తెలియడం కోసమే.

ఏది డ్రై స్టౌట్

లేబుల్ మీద డ్రై స్టౌట్ అనో, ఐరిష్ స్టౌట్ అనో ఉండాలి. మిల్క్ స్టౌట్‌లో పాలచక్కెర, అంటే లాక్టోజ్ కలుపుతారు. బీరును పులియబెట్టే ఈస్టుకు దాన్ని తినే శక్తి లేదు కాబట్టి బీరులో తీపి మిగిలిపోతుంది. ఓట్‌మీల్ స్టౌట్ నోటికి నున్నగా తగులుతుంది. ఇంపీరియల్ స్టౌట్ 8 నుంచి 12 శాతం దాకా ఉండే వేరే సంగతి. ఒట్టి స్టౌట్ అని మాత్రమే రాసి ఉంటే ఆల్కహాలు శాతం, పదార్థాల వరుస చూడండి. 5 శాతం లోపు ఉండి, లాక్టోజ్, వెనిలా లాంటివి లేకపోతే అది డ్రై అయ్యే అవకాశం ఎక్కువ.

బాగా తెలిసిన పాళ్లు ఇవి: పేల్ మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన లేత రంగు బార్లీ) 70 శాతం, రేకులుగా నొక్కిన బార్లీ 20 శాతం, వేయించిన బార్లీ 10 శాతం. మాల్టు పులిసి ఆల్కహాలు అవుతుంది. రేకుల బార్లీ నురగను నిలబెడుతుంది, తేలిక బీరుకు కాస్త ఒళ్లు ఇస్తుంది. వేయించిన బార్లీ రంగు, కాఫీ చేదు, చిన్న పులుపు ఇస్తుంది. పులిసిన తర్వాత చక్కెర దాదాపు మిగలదు. చివరి గ్రావిటీ, అంటే నీళ్లను 1.000 అనుకుంటే బీరు సాంద్రత, 1.007 నుంచి 1.011 దగ్గర ఆగుతుంది. హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వులు) చేదు 25 నుంచి 45 ఐబీయూ, అంటే బీరు చేదును కొలిచే ప్రమాణం. మామూలు లాగర్లలో అది 10 నుంచి 25 మధ్య ఉంటుంది. అంటే తేలిక ఒంటి మీద గట్టి చేదు, దాన్ని కప్పిపుచ్చే తీపి లేదు. తయారీలో చిన్న పొరపాటు జరిగినా ఇందులో దాగదు, అందుకే రుచి చూడటం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బీరు లేదు.

గింజను కాలిపోకుండా నల్లగా వేయించే డ్రమ్ముకు డేనియల్ వీలర్ బ్రిటన్‌లో 1817లో పేటెంటు తీసుకున్నాడు. మొదట అందులో వేయించింది మాల్టునే. 1880లో మాల్టు మీద పన్ను తీసేశాక మొలకెత్తించని బార్లీని కూడా వాడుకునే వీలు కలిగింది. నల్ల మాల్టు రుచికి, వేయించిన బార్లీ రుచికి తేడా ఉంది: మాల్టులో బొగ్గు ఛాయ ఎక్కువ, బార్లీలో కాఫీ ఛాయ ఎక్కువ. గ్లాసులో ఏది ఎక్కువగా ఉందో కొద్ది అభ్యాసంతో మీరే చెప్పగలరు.

ఎండ చేసే నష్టం

ఉత్తర తెలంగాణలో స్టౌట్‌కు అసలు శత్రువు ఎండ. రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు మామూలే. బీరు పాతబడే వేగానికి బ్రూవర్లు వాడే ఒక మోటు లెక్క ఉంది: 32 డిగ్రీల దగ్గర 3 రోజులు, 22 డిగ్రీల దగ్గర 30 రోజులు, 3 డిగ్రీల దగ్గర 300 రోజులు, ఈ మూడూ దాదాపు సమానం. హైదరాబాద్‌లో కొన్న సీసాను ఎండలో నిలిపిన కారు డిక్కీలో పెట్టి హన్మకొండ దాకా తెస్తే ఆ ఒక్క మధ్యాహ్నానికే అది నెలల వయసు మీద వేసుకుంటుంది. వేసవిలో ఐస్ ప్యాక్ వేసిన సంచిలో తెచ్చి, రాగానే ఫ్రిజ్‌లో నిలువుగా పెట్టండి. అడుగున ఈస్టు ఉంటే అడుగునే పేరుకుంటుంది.

తయారీ తేదీ నుంచి నాలుగు నెలలు దాటని సీసా తీసుకోండి. షాపులో పైఅరలో, ట్యూబ్‌లైటు కింద, వేడిలో నిలబెట్టింది వద్దు. గాజు గోధుమరంగుదైతే మంచిది. ఆకుపచ్చ గాజు వెలుతురును ఆపలేదు. డబ్బా అయితే ఆ భయమే లేదు.

ముక్కుకు, నాలుకకు తాలీము

ఈ పనికి బీరు అక్కర్లేదు, ఒక పొద్దు చాలు. దీన్ని దాటేసి నేరుగా గ్లాసు పట్టుకున్నవాళ్లకు నోట్లో ఏదో తెలుస్తుంది గానీ అది ఏమిటో చెప్పలేరు.

కిరాణాలో జావకు అమ్మే బార్లీ గింజలు 60 గ్రాములు తీసుకోండి. మందపాటి ఇనుప మూకుడులో సన్నమంట మీద ఆపకుండా కలుపుతూ వేయించండి. కిటికీలు తెరవండి, చివర్లో పొగ వస్తుంది. గింజ బంగారు రంగుకు వచ్చినప్పుడు మూడో వంతు తీసి పక్కన పెట్టండి. కాఫీ గింజ రంగు వచ్చినప్పుడు ఇంకో మూడో వంతు. మిగిలినదాన్ని నల్లబడి బొగ్గు వాసన వచ్చేదాకా ఉంచండి. మంటను బట్టి మొత్తం 25 నుంచి 35 నిమిషాలు పడుతుంది. గడియారాన్ని కాకుండా రంగును నమ్మండి. మూడింటినీ విడివిడిగా కచ్చాపచ్చాగా దంచి, ఒక్కోదాంట్లో 5 గ్రాములు తీసుకుని 100 మి.లీ. వేడినీళ్లలో 5 నిమిషాలు నానబెట్టి వడకట్టండి. చల్లారాక చక్కెర లేకుండా తాగి చూడండి.

మొదటి గ్లాసు కాల్చిన రొట్టె వాసన వేస్తుంది. రెండోది కాఫీ, తీపి లేని కోకో. డ్రై స్టౌట్ నడుమ ఉండాల్సిన రుచి ఇదే. మూడోది బూడిద. స్టౌట్‌లో ఆ ఛాయ కొంచెం తగిలితే సరే, అదే ముందుకొస్తే గింజ ఎక్కువ మాడిందని అర్థం.

ఇంకో రెండు గ్లాసులు సిద్ధం చేయండి. ఒకదాంట్లో చెంచాడు చాయ్‌పత్తా వేసి పాలు, చక్కెర లేకుండా పది నిమిషాలు మరిగించండి. ఇంకోదాంట్లో రెండు వేపాకులు వేడినీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి తీసేయండి. వేప నీళ్లలో ఉన్నది చేదు. డికాషన్‌లో చేదుతో పాటు వగరు ఉంది: చిగుళ్లు, బుగ్గల లోపలి భాగం పట్టేసినట్టు, నాలుక గరుకైనట్టు అనిపిస్తుంది. చేదు రుచి, వగరు స్పర్శ. స్టౌట్‌లో చేదు ఉండాలి, వగరు చాలా తక్కువ ఉండాలి. మొదట్లో చాలామంది ఈ రెంటినీ కలిపేసి మంచి స్టౌట్‌ను బాగాలేదంటారు, చెడ్డదాన్ని స్ట్రాంగ్‌గా ఉందంటారు.

గ్లాసు, నీళ్లు, గది

నోరు కాస్త లోపలికి వంగిన 250 నుంచి 350 మి.లీ. గ్లాసు చాలు. వైన్ గ్లాసైనా పనికొస్తుంది. స్టీలు గ్లాసు వద్దు, రంగు కనిపించదు.

కూర గిన్నెలు తోమిన పీచుతో ఈ గ్లాసు తోమకండి. కంటికి కనిపించని నూనె పొర నురగను చంపుతుంది. రెండు చిటికెల ఉప్పు వేసి తడి చేత్తో లోపలంతా రుద్ది, నాలుగైదు సార్లు కడిగి, బోర్లించి ఆరబెట్టండి. బట్టతో తుడిస్తే నూలు, సబ్బు వాసన అంటుకుంటాయి. శుభ్రమైందో లేదో చూడటానికి నీళ్లు నింపి వంపేయండి: లోపలి గోడ మీద నీటి పొర ఒకే తీరుగా ఉండాలి. బొట్లుబొట్లుగా విడిపోతే ఇంకా జిడ్డుంది. బోరు నీళ్లు గట్టిగా ఉండే ఇళ్లలో చివరి కడుగు ఫిల్టర్ నీళ్లతో చేస్తే తెల్లటి మచ్చలు పడవు. నోరు పుక్కిలించడానికీ ఆ నీళ్లే, గది వేడి మీద. క్లోరిన్ వాసన వచ్చే నల్లా నీళ్లు, ఫ్రిజ్ నీళ్లు రెండూ వద్దు.

రుచి చూసే గదిలో అగరుబత్తి, పోపు వాసన, సెంటు ఉండకూడదు. గంట ముందు నుంచి పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, పాన్, సోంపు, చాయ్ మానండి. రాత్రి భోజనానికి ముందు, కొద్దిగా ఆకలి ఉన్న సమయం మంచిది.

ఎంత చల్లగా

ఫ్రిజ్ సుమారు 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ చలికి నాలుక మొద్దుబారుతుంది, వాసన పైకి లేవదు. మామూలు గ్యాసు (కార్బన్ డయాక్సైడ్) సీసాను 8 నుంచి 10 డిగ్రీల మధ్య పోయాలి. నైట్రో డబ్బాకు, అంటే నైట్రోజన్ కలిపిన దానికి, 6 నుంచి 8 చాలు, అంతకంటే వెచ్చగా తెరిస్తే నురగ పొంగి బయటికొస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఫ్రిజ్ నుంచి తీసిన 330 మి.లీ. సీసాకు 8 నుంచి 10 నిమిషాలు సరిపోతుంది. డిసెంబరులో 20 నిమిషాలు పట్టొచ్చు. వంటింటి థర్మామీటరు ఉంటే ఈ అంచనాలన్నీ పక్కన పెట్టి దాన్నే వాడండి. ఫ్రీజర్‌లో పెట్టిన గ్లాసు వాడకండి, లోపల కట్టిన మంచు బీరును పలచన చేస్తుంది.

పోయడం

గ్యాసు సీసా అయితే గ్లాసును 45 డిగ్రీలు వంచి గోడ మీదుగా మూడు వంతుల్లో రెండు వంతులు పోయండి. తర్వాత గ్లాసు నిలబెట్టి మధ్యలోకి పోస్తే రెండు సెంటీమీటర్ల నురగ కడుతుంది. అడుగున ఈస్టు ఉన్న సీసాలో చివరి వేలెడు వదిలేయండి.

నైట్రో సంగతి వేరు. అందులో గ్యాసు మిశ్రమం సాధారణంగా నైట్రోజన్ 75 శాతం, కార్బన్ డయాక్సైడ్ 25 శాతం. నైట్రోజన్ బీరులో సరిగ్గా కరగదు కాబట్టి మూత తీయగానే సన్నటి బుడగలుగా విడిపోతుంది. డబ్బాలోని విడ్జెట్ అనే చిన్న గుండు పని అదే: ఒత్తిడి తగ్గగానే సన్న రంధ్రం గుండా చిమ్మి బుడగలు మొదలుపెడుతుంది. తెరిచి కొన్ని క్షణాలు ఆగి, ఒకే ధారగా పోసి, ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు ముట్టుకోకండి. బుడగలు గోడ పక్కన కిందికి జారుతున్నట్టు కనిపిస్తాయి. పైకి వెడల్పయ్యే గ్లాసులో మధ్య బుడగలు వేగంగా పైకి పోతూ బీరును లాగుతాయి, ఆ బీరు గోడల వెంట కిందికి దిగుతూ అక్కడి చిన్న బుడగల్ని తోసుకుపోతుంది. లిమరిక్ విశ్వవిద్యాలయం వాళ్లు 2012లో ఈ సంగతి లెక్కగట్టి చూపారు. విడ్జెట్ లేని నైట్రో డబ్బాను తెరవక ముందు రెండు మూడు సార్లు మెల్లగా తలకిందులు చేసి, గ్లాసు నిలబెట్టి నేరుగా ధాటిగా పోయాలి.

ఒకే బీరును నైట్రోలో, గ్యాసులో తాగితే రెండు వేర్వేరు బీర్లనిపిస్తాయి. నైట్రోలో చురుకు తగ్గి నున్నదనం పెరుగుతుంది, వాసన, చేదు రెండూ అణుగుతాయి. రుచి నేర్చుకునేవాళ్లు మొదట గ్యాసు సీసాతోనే మొదలుపెట్టడం మేలు.

చూపు, వాసన

చూపుకు అర నిమిషం చాలు. ఫోన్ టార్చి గ్లాసు వెనక పెడితే అంచుల్లో ముదురు ఎరుపు కనిపించాలి. నురగ లేత గోధుమరంగులో ఉండి, తాగేకొద్దీ గ్లాసుకు వలయాలుగా అంటుకోవాలి. పోసిన అర నిమిషంలోనే నురగ మాయమైతే ముందు గ్లాసును అనుమానించండి, తర్వాత బీరును.

వాసన పోసిన వెంటనే చూడాలి, తేలిగ్గా ఎగిరిపోయేవి ముందే పోతాయి. ముక్కు దగ్గరికి తెచ్చి రెండు మూడు సార్లు చిన్నచిన్నగా పీల్చండి, దీర్ఘంగా లాగొద్దు. తర్వాత అరచేత్తో గ్లాసు మూసి, ఐదు సెకన్లు తిప్పి, చెయ్యి తీసి మళ్లీ చూడండి. ముందు కాఫీ, కోకో, వేయించిన గింజ రావాలి. వెనక హాప్స్ మట్టి వాసనలా సన్నగా ఉంటాయి. ఇంగ్లండు రకాలైన ఫగుల్, గోల్డింగ్స్ తీరు అది. ముక్కు మొద్దుబారితే మీ చొక్కా చేతిని వాసన చూసి మళ్లీ రండి.

గుటక

మొదటి గుటకను లెక్కలోకి తీసుకోకండి. అది నోటిని సిద్ధం చేయడానికే. రెండో గుటక నుంచి 15 నుంచి 20 మి.లీ. తీసుకుని, నాలుక అంతటా పారించి, మూడు నాలుగు సెకన్లు ఉంచి మింగండి. వైన్ రుచి చూసేవాళ్లలా ఉమ్మకండి. చేదు చివర్న, నాలుక వెనక భాగంలో, మింగాకే పూర్తిగా తెలుస్తుంది. మింగిన వెంటనే నోరు మూసుకుని ముక్కు గుండా గాలి వదలండి. కాఫీ వాసన రెండోసారి, ముందుకంటే బలంగా వస్తుంది.

ఇక్కడి నుంచి మనసులో 30 దాకా లెక్కపెట్టండి. 5 లోపు వేయించిన గింజ రుచి ఉంటుంది. 5 నుంచి 15 మధ్య హాప్స్ చేదు పైకి వచ్చి నిలబడుతుంది, దాని పక్కన కొద్ది పులుపు ఉండొచ్చు. అది వేయించిన బార్లీ సహజ గుణం. 15 తర్వాత చేదు దిగిపోవాలి. 30 దగ్గర నోరు శుభ్రంగా, కాస్త ఎండినట్టు ఉండి, ఇంకో గుటక కావాలనిపించాలి. తీపి జిగట మిగిలితే పులియడం పూర్తికాలేదు. చిగుళ్లు పట్టేసినట్టుంటే వగరు, అంటే గింజ పొట్టు నుంచి టానిన్లు దిగాయి. మాష్‌ను, అంటే వేడినీళ్లలో నానబెట్టిన గింజ ముద్దను, అతి వేడి నీళ్లతో, అతిగా కడిగితే ఇలా అవుతుంది. బూడిద రుచి 30 దాటినా వదలకపోతే గింజ మాడింది.

నోటికి పలచగా తగలడం తప్పు కింద రాయకండి. ఈ రకం అలాగే ఉండాలి. పలచనై, రుచి కూడా 5 సెకన్లకే ఆగిపోతే అప్పుడు తప్పు.

ఒకే గ్లాసును మూడుసార్లు రుచి చూడండి: పోయగానే, 12 డిగ్రీల దగ్గర, 15 దగ్గర. మంచి స్టౌట్ వెచ్చబడేకొద్దీ కోకోను బయటపెడుతుంది. చెడ్డది వెచ్చబడేకొద్దీ తన లోపాన్ని బయటపెడుతుంది. వేసవిలో ఈ మూడు మెట్లూ పావుగంటలోనే దాటిపోతాయి, కాబట్టి నోటుపుస్తకం ముందే తెరిచి పెట్టుకోండి.

తేడా వస్తే, ఎందుకు

తడిసిన అట్టపెట్టె వాసన అంటే గాలి తగిలి, వేడిలో పాతబడింది. మన దగ్గర అన్నిటికంటే ఎక్కువ కనిపించే లోపం ఇదే. వెన్న వాసన, నాలుక మీద జారుడు ఉంటే అది డయాసిటైల్: ఈస్టును పని ముగించనివ్వకుండా త్వరగా చల్లబరిచారు, లేదా పైపుల్లో బ్యాక్టీరియా చేరింది. ఉడికిన మక్కకంకి వాసన వస్తే మరిగించడంలో లోపం, లేదా కాచిన తర్వాత మెల్లగా చల్లార్చారు. పచ్చి యాపిల్ వాసన బీరు ఇంకా పచ్చిగా ఉందని చెబుతుంది. సోయా సాస్ వాసన చచ్చిన ఈస్టుది.

పులుపు దగ్గర కొంచెం ఆగాలి. ఈత కల్లు, తాటి కల్లు తాగినవాళ్లకు పులుపులో మెట్లు తెలుసు, ఆ తెలివి ఇక్కడ బాగా పనికొస్తుంది. పొద్దున దించిన కల్లులోని సన్నని పులుపు స్థాయి స్టౌట్‌లో తగిలితే పరవాలేదు. మరుసటి రోజు కల్లులా ముక్కుకు ఘాటుగా, వెనిగర్‌లా కొడితే అది అసిటిక్ ఆమ్లం. అలాంటి గ్లాసును వెనక్కి ఇవ్వండి.

బ్రూపబ్‌లో అడగాల్సినవి

కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి హైదరాబాద్ బ్రూపబ్‌కు (బీరు అక్కడే తయారుచేసి పోసే చోటు) వెళ్తే తాజా స్టౌట్ దొరికే వీలుంది, అయితే అన్ని రోజులూ కాదు. ముందే ఫోన్ చేసి అడగండి. వెళ్లాక నాలుగు ప్రశ్నలు: కెగ్ (బీరు పీపా) ఎప్పుడు తెరిచారు, పైపులు ఎప్పుడు కడిగారు, నైట్రోనా గ్యాసా, వేయించిన బార్లీ వాడారా నల్ల మాల్టా. పైపులు రెండు వారాలకొకసారి కడగాలి. ఆ రోజు మొదటి గ్లాసు తీసుకోకండి, రాత్రంతా పైపులో నిలిచిన బీరు అది. ముందు 60 నుంచి 100 మి.లీ. శాంపిల్ అడగండి. మరీ చల్లగా వస్తే గ్లాసును రెండు చేతుల్లో ఐదు నిమిషాలు పట్టుకోండి.

330 మి.లీ. స్టౌట్ 4.3 శాతం ఉంటే అందులో ఆల్కహాలు సుమారు 11 గ్రాములు. ఒక సిట్టింగ్‌లో 100 మి.లీ. చొప్పున మూడు నాలుగు రకాలు దాటితే నాలుక చెప్పేది నమ్మలేం. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. రుచి చూసిన రోజు బండి తాళం ఇంకొకరి చేతిలో ఉండాలి.

దీంతో ఏం తినాలి

తిండి రుచి చూడటం అయ్యాకే. మధ్యలో ఉప్పు లేని మరమరాలు, నీళ్లు తప్ప ఏమీ వద్దు.

మిర్చి కారం ఆల్కహాలుతో, గ్యాసుతో కలిస్తే మంట పెరుగుతుంది, చేదు కూడా ఎక్కువగా తెలుస్తుంది. కాబట్టి ఎర్ర కారం దట్టించిన బోటి వేపుడు దీనికి సరిపడదు. మిరియాలతో చేసిన మేక కాలేయం సరిపోతుంది. అడుగు కాస్త మాడిన సర్వపిండి అన్నిటికంటే బాగా కుదురుతుంది: పల్లీలు, నువ్వులు, కాలిన బియ్యపు పిండి, ఈ మూడింటి రుచీ వేయించిన బార్లీ దారిలోనే ఉంటుంది, పచ్చిమిర్చి తగ్గించి చేయండి. సకినాల్లో వాము వాసన ముందుకొస్తుంది, అయినా ఉప్పదనం వల్ల బాగుంటాయి. ఐర్లండులో స్టౌట్‌తో ఉప్పుటి ఆయిస్టర్లు (సముద్రపు ఆల్చిప్పలు) తింటారు. ఆ ఉప్పు సూత్రాన్నే పట్టుకుని కొర్రమీను ముక్కలకు ఉప్పు, పసుపు, మిరియాలు మాత్రమే పట్టించి వేయించి చూడండి. అరిసెలు, పల్లిపట్టీ దగ్గర పెట్టకండి, తీపి తిన్న నోటికి డ్రై స్టౌట్ పుల్లగా, మొరటుగా తగులుతుంది.

మూడు గ్లాసుల పరీక్ష

రెండు స్టౌట్ల మధ్య తేడా నిజంగా తెలుస్తుందా లేదా అన్నది ఇలా తేల్చుకోవచ్చు. ఇంకొకరి చేత మూడు ఒకేలాంటి గ్లాసుల్లో 60 మి.లీ. చొప్పున పోయించండి: రెండింటిలో ఒక బీరు, మూడోదాంట్లో ఇంకోటి. అన్నీ ఒకే చల్లదనంలో ఉండాలి, గ్లాసుల అడుగున గుర్తులు పోసినవాళ్లకే తెలియాలి. వేరుగా ఉన్నది ఏదో చెప్పండి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి ఒక్కసారి గెలిస్తే లెక్క కాదు. వేర్వేరు రోజుల్లో ఐదుసార్లు చేసి నాలుగుసార్లు సరిగ్గా చెబితే తేడా మీకు తెలుస్తోందని నమ్మొచ్చు. చెప్పలేకపోతే మళ్లీ బార్లీ నీళ్ల దగ్గరికి వెళ్లి, రెండో గ్లాసుకూ మూడో గ్లాసుకూ తేడాను ఇంకో వారం అభ్యాసం చేయండి.